అంటుకున్న పేజీలు

గేట్లు ఎత్తిండ్రని మైకుల చెప్పేసరికే
మూసీ మా గల్లీ మలుపు దాటింది.
నా చేతికి అందినవి మూడే:
పొయ్యి మీది కుక్కర్,
సలోమి పదో తరగతి మెమో,
మా అత్త సువార్తమ్మ చెయ్యి.

ఆమె ఇంకో చేతిల ఏం పట్టుకున్నదో
డాబా ఎక్కినంక చూసిన.
ఎర్ర అంచుల వాక్యం.
ఆమెకు చదువు రాదు.
నలభై ఏండ్ల సంది ప్రతి ఆదివారం
చంకల పెట్టుకొని చాదర్‌ఘాట్ వంతెన దాటుతది,
తిరిగొచ్చి సందుగ మీద పెడుతది,
అంతే.

డాబా ఖాదర్ భాయిది.
ముప్పై మందిమి, ఒక్క టార్పలిన్.
కింద చీకట్ల ఖాళీ గ్యాస్ బండలు తేలుకుంట
ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నయ్.
చర్చి గంట లెక్కనే ఉన్నది చప్పుడు.
నాకు నవ్వొచ్చింది.
ఆ నవ్వు ఏడ ఏడుపైందో తెల్వదు.

దేవదానం పోయి అప్పటికి పదకొండు నెలలు.
ఉస్మానియా దవాఖానల,
మంచం దొరకక, మెట్ల పక్కన స్ట్రెచర్ మీదనే.
పాస్టరు గారు ఇంటికొచ్చి దేవుని చిత్తం అన్నరు.
చాయ్ ఇచ్చిన గని
తల ఊపలే.
ఇప్పుడు మళ్ల ఈ నీళ్లు.
ప్రభువా, నీకు మా గల్లీ తప్ప
వేరే అడ్రసు దొరకదా అని అడిగిన.
గట్టిగనే అడిగిన.
అత్త వింటున్నదని తెలిసే అడిగిన.

ఆమె టార్పలిన్ అంచు ఇంకింత నా దిక్కు జరిపి అన్నది:
“అడుగు బిడ్డా.
లేనోణ్ణి ఎవరన్న తిడుతరా?”

మూడో నాడు నీళ్లు దిగినయ్.
నాకు జవాబు రాలే, నీళ్లు దిగినయ్.
రెండూ ఒకటి కాదు.
ఒకటే అనుకుంటే నిద్రన్న పట్టేది.

ఇంట్ల మోకాలెత్తు బురద.
కుట్టు మిషన్ చక్రం తిప్పితే
ఇసుక నమిలిన పండ్ల లెక్క కిర్రుమన్నది.
ఎవరెవరియో నలభై మూడు జాకెట్లు,
పెళ్లియి, స్కూలు టీచర్లయి,
అన్నీ ఒకటే రంగు.
గోడ మీద దేవదానం ఫోటోల నీళ్లు చేరి
మీసం సగం కరిగిపోయింది.
నేను దాన్ని తుడవలే. ఇప్పటికీ తుడవలే.

అత్త మాత్రం వాక్యం తెచ్చి నా ఒళ్ల పెట్టింది.
వానకు నానీ నానీ రొట్టె లెక్క ఉబ్బింది.
ఖాదర్ భాయి బిడ్డ పౌడరు డబ్బా ఇస్తే
పేజీ పేజీకి చల్లిన,
నడుమ నడుమ పాత పేపరు ముక్కలు పెట్టిన.
నాలుగు దినాలు డాబా మీద,
గాలికి ఎగరకుంట మీద కుక్కర్ పెట్టి.
అన్నీ విడిపోయినయ్,
ఒక్క జంట తప్ప.

ఇటు, బాధల పడి ఏడ్చినాయన చివరి పేజీ.
అటు, స్తుతుల మొదటి పేజీ.
జిగురు పూసినట్టు అతుక్కున్నయ్.
బ్లేడు తెచ్చిన.
అత్త నా మణికట్టు పట్టుకున్నది.
ఏమున్నది ఆ రెండిట్ల అని అడిగితే
చెప్పిన.
మస్తుసేపు ఏం మాట్లాడలే.
“ఉండనియ్యి,” అన్నది ఆఖరికి,
“మన ఇంట్ల అవి ఎన్నడు విడిగ ఉండె?”

మిషన్‌ను కోఠిల బాగుచేపిచ్చిన.
ఐదు వందలు ఇంకా బాకీ.
జాకెట్ల బాకీ నెలనెలా తీరుతున్నది,
ఒక టీచరమ్మ వద్దన్నది,
ఇంకొకామె రెండింతలు అడిగింది.
ఆదివారం వంతెన మీద అత్త ఆగుతది,
కింద నురగ కక్కుకుంట పోయే మూసీని
తప్పుజేసిన పిల్లను చూసినట్టు చూస్తది.
నేను ముక్కుకు కొంగు పెట్టుకొని నిలబడత.
చర్చిల వాక్యం తెరిస్తే
అది తనంతల తానే ఆ మందం కాడ తెరుచుకుంటది,
చదవనీకి రాని కాడ.
అయ్యగారు వేరే ఏదో అధ్యాయం చెప్తుంటరు.
నా వేలు ఆ గట్టి అంచు మీదనే ఉంటది.

మొన్న మళ్ల మబ్బు పట్టింది.
సలోమి మెమోను ప్లాస్టిక్ కవర్ల పెట్టి
అటక మీద దాచింది.
అత్త వాక్యాన్ని సందుగ మీదనే పెట్టి
పండుకున్నది.
నేను సందుగ కింద
రెండు ఇటుకలు పెట్టిన.